రెండు ఫైళ్ళలో ఒక గువ్వ

"ఇక్కడ రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి మేడమ్. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు వీసా కన్సల్టెంటు.

ఆ రెండు ముక్కలు ఏమిటో పళ్ళమ్మకి తెలుసు. అయినా అడిగింది.

"ఏమని రాయాలి?"

"పిల్లలు లేరు అని."

పక్క కుర్చీలో ఉన్న భర్త కుర్చీ చేతిని గోటితో గీకుతున్నవాడల్లా ఆగిపోయాడు. వాళ్ళ వెనక, గోడవారనున్న సోఫాలో గువ్వ కూర్చుని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. ఆ పిల్ల వింటూ ఉండగా ఆ మాట అనడానికి ఈ మనిషికి నోరెలా వచ్చిందా అని పళ్ళమ్మ అతనికేసి చూసింది. అతనికి జలుబు చేసినట్టుంది. రుమాలుతో ముక్కు తుడుచుకుని, తెల్ల కాగితాన్ని ఇంకొంచెం ముందుకు జరిపాడు. చెడ్డవాడిలా లేడు. అదే కష్టంగా ఉంది.

పళ్ళమ్మ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆమె డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తుంది. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని అరటిపళ్ళున్నాయా అని తలుపు కొట్టిన సందర్భాలూ లేకపోలేదు. ఆమె చేతిపని ఫొటోల్లో చూసి, పై దేశంలో ఒక ల్యాబు యజమాని ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆమెకి వర్క్ వీసా, ఆమె వెంట భర్తకీ కూతురికీ వీసా. కొన్నేళ్ళు పనిచేస్తే అక్కడే ఉండిపోయే హక్కు, ఆ తర్వాత పౌరసత్వం. కన్సల్టెంటు గోడమీద ఆ దారంతా రంగురంగుల బాణాలతో వేసి ఉంది. బాణాలన్నీ పైకే పోతున్నాయి. కిందికి వచ్చే బాణం ఒక్కటీ లేదు.

అంతా సాఫీగా సాగుతోందనుకున్న వేళ, కిందటి వారం ఆ దేశం వీసా ఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. మీరు కూతురని చూపించిన ఈ అమ్మాయిని వేరే ఫైల్లో ఇంకొకరు తన కూతురని చూపించారు, ఏది నిజం?

రెండూ నిజమే. గువ్వ పళ్ళమ్మ కడుపున పుట్టలేదు. మరిది మొదటి భార్య కాన్పుకని ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. పిల్లని పొత్తిళ్ళలో పెట్టుకుని ఇంటికి తెచ్చింది పళ్ళమ్మే. గువ్వపిట్టంత ఉందని అప్పుడన్న మాటే ముద్దుపేరుగా నిలబడింది. మరిది ఈ ఇంట్లో ఉండలేక దేశం దాటిపోయాడు. వీళ్ళిప్పుడు వెళ్ళాలనుకుంటున్న ఆ దేశంలోనే వెల్డింగు పనిలో కుదురుకున్నాడు. అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

దాచింది ఏమీ లేదు. గువ్వకి ఊహ తెలిసినప్పటి నుంచే సంగతి తెలుసు. తెలిసినా వీళ్ళే అమ్మా నాన్నా, ఆయన బాబాయి. దత్తత కాగితం రాయించుకోవాలని ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంటి పిల్లకి ఇంట్లోవాళ్ళు కాగితం రాసుకోవడమేమిటి?

ఫైలు పెట్టేటప్పుడు పిల్లలెంతమంది అని కన్సల్టెంటు అడిగితే భార్యాభర్తలిద్దరూ ఒక్క గొంతుతో "ఒక్కతే" అన్నారు. జనన ధ్రువపత్రం అడిగితే తెచ్చి ఇచ్చారు. అందులో తండ్రిగా మరిది పేరుంది. వీళ్ళూ చూడలేదు, కన్సల్టెంటు దగ్గర పనిచేసేవాళ్ళూ చూడలేదు.

"దాచాలనుకుంటే ఆ సర్టిఫికెట్ మేమెందుకు పెడతామండీ?" అన్నాడు భర్త, అప్పటికి మూడోసారి.

"మీరు దాచలేదని నాకు తెలుసు సార్. వాళ్ళకి మీరు తెలీదు, మీరు పంపిన కాగితాలే తెలుసు. ఒకదాంట్లో కూతురని ఉంది, ఇంకోదాంట్లో కాదని ఉంది. మీ తమ్ముడు అక్కడ ఉండే హక్కు తీసుకునేటప్పుడు పిల్లలందర్నీ చూపించాలి, వెంట తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా. అక్కడి రూలు అది. ఆయన ఉన్నదున్నట్టు రాశాడు."

పొరపాటున రాశామని ఒప్పుకుంటే సవరణ కింద తీసుకుంటారట. లేదు, మా కూతురే అని కూర్చుంటే అబద్ధం కింద తీసుకుంటారట. అబద్ధమని తేలితే ఏళ్ళ తరబడి ముగ్గురికీ ఆ గుమ్మం మూతపడుతుందట.

ఇప్పుడు దత్తత తీసుకుంటే అన్నాడు భర్త. వీసా కోసం చేసుకున్న దత్తతని వాళ్ళు లెక్కలోకి తీసుకోరని కన్సల్టెంటు చెప్పాడు. కోర్టు ఆర్డరు వచ్చాక కూడా కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నట్టు చూపించాలి. ఈలోగా పిల్లకి పద్దెనిమిది నిండిపోతాయి. నిండితే పిల్లల కోటాలోంచే బయటికి.

మేము ముందు వెళ్ళి తర్వాత పిలిపించుకుంటే అంది పళ్ళమ్మ. అన్న కూతుర్నీ, తమ్ముడి కూతుర్నీ పిలిపించుకునే దారి ఆ దేశంలో లేదన్నాడు. చదువు వీసా మీద గువ్వ తనంతట తను రావచ్చు, కానీ అది ఇస్తారో ఇవ్వరో ఆ పిల్ల చేతిలో లేదు, వీళ్ళ చేతిలో లేదు.

అడిగిన ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంది. ప్రతి జవాబుకీ చివర ఒక తలుపు మూసుకుంటోంది.

"ఇంకో సంగతి" అంటూ అతను వాళ్ళిద్దరి భుజాల మీంచి వెనక్కి చూశాడు. "అమ్మాయికి పదహారు దాటాయి కాబట్టి తనని విడిగా అడుగుతారు. వీడియోలో. ఎప్పుడు అడుగుతారో చెప్పరు. ఏమ్మా, నువ్వు ఎవరి దగ్గర ఉంటున్నావు?"

"అమ్మా నాన్నల దగ్గర" అంది గువ్వ.

కన్సల్టెంటు భార్యాభర్తలకేసి తిరిగి చేతులు వెల్లకిలా చూపించాడు. "చూశారా?"

గువ్వ తల దించుకుంది.

"పెద్దమ్మ, పెద్దనాన్న. అంతే చెప్పాలి. ఇంట్లో కూడా అలాగే పిలువు తల్లీ, నాలుగు రోజులు. లేకపోతే ఆ టైముకి నోరు తిరగదు."

శుక్రవారం సాయంత్రం లోపల జవాబు పంపాలని చెప్పి, కాగితం మడిచి కవర్లో పెట్టి పళ్ళమ్మ చేతికిచ్చాడు. ఆమె అందుకోలేదు. భర్త అందుకున్నాడు.

ఆ భవనంలో లిఫ్టు పనిచెయ్యడం లేదు. భర్త లిఫ్టు మెకానిక్కు. ఎంత కష్టంలో ఉన్నా ఆగిపోయిన లిఫ్టు కనబడితే ఒకసారి బటన్ నొక్కి చెవి ఒగ్గి వినకుండా కదలలేడు. నొక్కాడు. విన్నాడు.

"మనుషుల్ని దేశాలు దాటిస్తానంటాడు. కింది అంతస్తుకి దింపే దిక్కు లేదు" అన్నాడు.

గువ్వ గబగబా మెట్లు దిగిపోయింది. చెప్పుల చప్పుడు కింది మలుపులో వినబడకుండా పోయేదాకా పళ్ళమ్మ ఆగింది.

"మీ తమ్ముడు ఎందుకలా రాశాడు?"

"ఉన్నమాట రాశాడు."

"మరి మనం రాసింది?"

"మనమూ ఉన్నమాటే రాశాం."

"ఇద్దరూ ఉన్నమాటే రాస్తే మధ్యలో ఈ గొడవెందుకొచ్చిందండీ?"

అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఆయన ఊరుకోలేదు. పై దేశం పిచ్చి నీదే అన్నాడు. ల్యాబులో మెషీను వచ్చిన రోజు నుంచీ నా చేతిపని అయిపోయింది, అయిపోయింది అని ఇంట్లో కూర్చోనివ్వకుండా చేసింది నువ్వే అన్నాడు. అది నిజమే కాబట్టి ఆమెకి ఎక్కువ మంటెత్తింది. దరఖాస్తు రాసింది తమరి చేతే కదా అంది. కూతురు అన్న గడిలో పేరు ఎంత ముచ్చటగా రాశారో, రెండుసార్లు దిద్దారు కూడా అంది.

"నువ్వయితే ఏం రాసేదానివి?"

పళ్ళమ్మ మెట్టుమీద ఆగిపోయింది. తనయినా అదే రాసేది.

కింద గేటు దగ్గర గువ్వ వాళ్ళకోసం నిలబడి ఉంది. ఎండలో కళ్ళు చికిలించి పైకి చూస్తోంది. ఆ దేశం భాషని ఏడాది నుంచీ ఫోన్లో పెట్టుకుని నేర్చుకుంటున్నది ఈ పిల్లే. అద్దం ముందు నిలబడి అమ్మచేత కూడా పలికించేది. నీ నాలుక కూడా కట్టుడు నాలుకేమోనే అమ్మా అని నవ్వేది. ఇద్దర్నీ చూసి గొడుగు విప్పి పళ్ళమ్మ మీదికి పట్టింది.

మరిది ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. వీడియోలో అతని ముఖం బాగా వాడిపోయి ఉంది. అన్నగారు ఫోను నీళ్ళబిందెకి ఆనించి, వంటగది గట్టు ముందు నిలబడ్డాడు. పళ్ళమ్మ కూరగాయలు తరుగుతూ ఒక పక్కగా కనిపిస్తోంది. గువ్వ ట్యూషన్‌కి వెళ్ళింది. అది చూసుకునే అతను చేశాడు.

"వదినా, నామీద కోపంగా ఉంటుంది నీకు" అన్నాడు.

కోపం లేదంది. ఉంటే బాగుండేది. మనిషి మీద కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుంది.

అతను నసిగి నసిగి అసలు సంగతి చెప్పాడు. వీళ్ళ వీసా ఫైలు సంగతి అతనికి మొన్నటిదాకా తెలియదు. వీసా వచ్చాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని వీళ్ళు దాచారు. అక్కడ అతనూ అదే పని చేశాడు. కిందటి నెల గువ్వని కూతురి హోదాలో పిలిపించుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. పద్దెనిమిది నిండేలోగా అయితే తండ్రిగా తనకి ఆ హక్కు ఉంది, నిండితే పోతుంది. పిల్ల చదువు అక్కడ సాగుతుందని, అన్నా వదినా సంతోషిస్తారని అనుకున్నాడు.

"ఒక్క మాట అడగాల్సిందిరా" అన్నాడు అన్న.

"మీరూ ఒక్క మాట చెప్పాల్సింది అన్నయ్యా."

బిందెకి ఆనించిన ఫోను జారబోతే పళ్ళమ్మ కత్తి పట్టుకున్న చేత్తోనే ఆపింది. అతని వెనక గోడ గడియారం చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

"నువ్వే తెచ్చుకో" అంది చివరికి. "నువ్వు తెచ్చుకో, మేమూ వస్తాం. అక్కడికొచ్చాక మా దగ్గరుంటుంది. అంతే కదా. ఎవరి ఫైల్లో వస్తే ఏం?"

వారం నుంచీ ఆమె లోపల కట్టుకున్న ఆశ అదొక్కటే. ఎవరికీ చెప్పలేదు. చెప్తే కూలుతుందేమోనని.

మరిది తల అడ్డంగా ఊపాడు.

"నా దగ్గరే ఉంటుందని రాసివ్వాలి వదినా. చదువయ్యేదాకా నా ఇంట్లోనే. స్కూలు వాళ్ళు చూస్తారు, అధికారులు వస్తారు. నా కూతురని తెచ్చుకుని మీ ఇంట్లో పెడితే అది మళ్ళీ ఇంకో అబద్ధం అవుతుంది. మీ ల్యాబు ఆ చివర, మేమున్నది ఈ చివర. రైల్లో వస్తే రోజు పైనే." కాస్త ఆగి, "మీ దగ్గర నుంచి ఒక కాగితం కూడా కావాలి. పిల్లని దత్తత తీసుకోలేదు, మాకే హక్కూ లేదు అని" అన్నాడు.

భర్త గట్టు మీద కొత్తిమీర కట్ట విప్పి మళ్ళీ కట్టాడు.

అప్పుడు తోటికోడలు ఫోనులోకి వచ్చింది. పళ్ళమ్మ ఆమెని ఎప్పుడూ నేరుగా చూడలేదు. నెమ్మదైన మనిషి. సవతి కూతురు వస్తోందన్న ముడత ముఖంలో ఎక్కడా లేదు. పళ్ళమ్మ వెతికింది, దొరకలేదు. సవతి తల్లి గయ్యాళి అయితే ఈ క్షణమే కాగితాలు చింపేసేది. ఈమె మాత్రం ఫోను పట్టుకుని లోపలికి నడిచి ఒక గది చూపించింది. కిటికీ పక్కన బల్ల, బల్లమీద దీపం, ఎత్తు తక్కువ మంచం.

"పాపకి ఏ రంగు ఇష్టమో తెలీక తెల్ల కర్టెన్లు వేశాను అక్కా. ఏ రంగు వెయ్యమంటారు?"

చెప్పకూడదనుకుంది పళ్ళమ్మ. తెల్లవే ఉండనీ. ఆ ఇంట్లో ఆ పిల్ల గురించి తెలియంది ఒక్కటైనా మిగలనీ.

"లేతాకుపచ్చ" అంది. "ముదురుది అస్సలు ఇష్టముండదు. దీపం ఎడమ పక్కకి పెట్టు, అది ఎడంచేత్తో రాస్తుంది... కాదు, కుడి పక్కకి. నీడ పడకూడదు."

ఆమె "సరే అక్కా" అని దీపం అప్పుడే జరిపింది.

గురువారం ల్యాబులో పళ్ళమ్మ మైనంలో పళ్ళు పేరుస్తోంది. ఒక ముసలాయనకి పై వరస. చిన్నప్పటి ఫొటో ఒకటి పంపాడు. అందులో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి కొద్దిగా ఎక్కి ఉంది. అన్నీ తిన్నగా పేరిస్తే అవి పళ్ళలా ఉంటాయి గానీ ఆయన పళ్ళలా ఉండవు. చిన్న కత్తిని దీపం మీద వేడిచేసి, మైనాన్ని మెత్తబరిచి, ఆ ఒక్క పన్నునీ వెంట్రుకవాసి తిప్పి, ప్లాస్టరు దవడలు రెండూ కలిపి కొరికించి చూసింది. మళ్ళీ విప్పింది. ఇవాళ పన్ను ఎక్కడ పెట్టినా అక్కడ ఇమడడం లేదు.

అద్దం గది అవతల కొత్త మెషీను తనంతట తను పళ్ళు చెక్కుకుంటోంది. యజమాని దాని ముందు నిలబడి పసిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. ఆమెని పొమ్మనలేదు. పని తెచ్చి బల్లమీద పెట్టడం మాత్రం తగ్గించాడు. వచ్చే ఏడు ఆమె వయసుకి ఆ దేశం వీసాకి లెక్కగట్టే పాయింట్లు రావని కన్సల్టెంటు మొదట్లోనే చెప్పాడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

కాకపోతే కాకపోనీ. రాత్రంతా తిప్పి తిప్పి ఆలోచించి ఆ మాట దగ్గరికి వచ్చి ఆగింది. మెషీను పక్కన కూర్చుని దుమ్ము తుడుస్తుంది, లేదంటే ఇంట్లో కూర్చుంటుంది. పిల్ల ఇంట్లో ఉంటుంది. అమ్మా అని పిలుస్తుంది. అంతకంటే తనకి ఏ దేశం ఏమిస్తుంది?

చేతులు కడుక్కుని, వరండాలోకి వెళ్ళి కన్సల్టెంటుకి ఫోన్ చేసింది.

"మేము వెళ్ళడం లేదు. ఫైలు వెనక్కి తీసేసుకోండి."

అవతల తుమ్ము వినబడింది. 

"మేడమ్, తీసేస్తాను. రెండు నిమిషాల పని. కానీ అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉంటుంది."

"మేమే వెళ్ళడం లేదంటుంటే ఇంక ప్రశ్నేమిటి?"

"జవాబు చెప్పకుండా వెనక్కి తీసుకుంటే భయపడి తీసుకున్నారనుకుంటారు. ఆ అమ్మాయి ఎవరి కూతురో తేలకుండానే ఉండిపోతుంది. అప్పుడు మీ మరిది గారి ఫైలు ఆగిపోతుంది. అమ్మాయిని పిలిపించుకునేదే కాదు మేడమ్, ఆయన సొంతది కూడా. ఆయన పౌరసత్వం ప్రమాణానికి పిలుపు రావాల్సి ఉందని సార్ చెప్పారు. ఆయన మొదట్లో రాసింది నిజమా అబద్ధమా అని మళ్ళీ తిరగదోడతారు."

పళ్ళమ్మ వరండా కమ్మీ పట్టుకుంది. కింద రోడ్డుమీద ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు.

"అంటే మేము వెళ్ళినా..."

"వెళ్ళినా, వెళ్ళకపోయినా మేడమ్. ఆ రెండు ముక్కలు మీరు రాయాల్సిందే."

వెనక్కి వచ్చి కూర్చునేసరికి దీపం సెగకి మైనం మొత్తం కరిగింది. పేర్చిన పళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. యజమాని వచ్చి చూశాడు. ఆ ముసలాయన ఫొటో తీసుకుని మెషీను గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. భర్త డ్యూటీ బట్టల్లోనే బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చేతులకి గ్రీజు వాసన. బల్లమీద కన్సల్టెంటు ఇచ్చిన కాగితం విప్పి ఉంది. దాని మీద పెన్ను అడ్డంగా పెట్టి ఉంది. స్నానాలగదిలో కుళాయి పారుతున్న చప్పుడు. గువ్వ లోపలుంది.

పళ్ళమ్మ సంచి దించి కాగితంకేసి చూసింది. రెండు సంతకాలకి రెండు చోట్లున్నాయి. ఒకటి నిండి ఉంది.

"ఎప్పుడు పెట్టారు?"

"పొద్దున. నువ్వు ల్యాబుకి వెళ్ళాక."

"నాతో ఒక మాట అనకుండా?"

"అంటే నువ్వు పెట్టనిచ్చేదానివా?"

సంతకం ఆయనదిలా లేదు. ఇన్నేళ్ళలో ఆయన సంతకం అంత చిన్నగా పెట్టడం ఆమె చూడలేదు.

ఆమె కూర్చోలేదు. ఫోన్లో కన్సల్టెంటు అన్నదంతా చెప్పింది. ఆయన తలాడించాడు. తమ్ముడు ఇందాకే ఫోన్ చేశాడట. ఏడ్చాడట. నా పౌరసత్వం పోతే పోనీ అన్నయ్యా, వదినకి ఇష్టం లేకపోతే నా దరఖాస్తు నేనే తీసేసుకుంటాను అన్నాడట.

"తీసుకోమనండి" అంది పళ్ళమ్మ.

"తీసుకున్నా ప్రశ్న పోదటగా."

"మరి ఎందుకు అడుగుతాడు? నా నోటితో వద్దనిపించుకోవడానికా?"

ఆయన గొంతు తగ్గించాడు. "పిల్ల విన్నది. స్పీకర్లో ఉంది."

కుళాయి చప్పుడు అలాగే వస్తోంది. పళ్ళమ్మ ఆ తలుపుకేసి చూసింది. చిన్నప్పుడు ఆ పిల్లకి ఆ గదిలో గడియ వేసుకోవాలంటే భయం. అమ్మా ఉన్నావా, అమ్మా ఉన్నావా అని లోపల్నుంచి కేకలేస్తూనే ఉండేది. బయట నిలబడి ఉన్నా ఉన్నా అని అంటూనే ఉండేది తను.

"ఏమంది?"

"నీ సంతకం కూడా అయిపోతే అన్నం పెట్టమంది."

పళ్ళమ్మ పెన్ను తీసి అల్మారా మీద, చెయ్యి అందనంత ఎత్తున పెట్టింది. ఇది చేతకానితనమని ఆమెకీ తెలుసు. రేపు సాయంత్రానికి స్టూలు వేసుకుని తనే తియ్యాలి.

పొయ్యి వెలిగించి అన్నం గిన్నె ఎక్కించింది. బియ్యం కడిగిన నీళ్ళు చేతినిండా ఉన్నాయి. ఏ దారిన పోయినా ఆ రెండు ముక్కల దగ్గరికే రావడం ఎలాగా అని, ఎక్కడో ఒక సందు ఉండకపోతుందా అని, బుర్ర దానంతట అదే తిరుగుతోంది. మంట సన్నం చేసింది. గిన్నె మీద మూత పెట్టింది.

"పెద్దమ్మా."

లోపల్నుంచి.

భర్త కుర్చీలో నిటారుగా అయ్యాడు. పళ్ళమ్మ కదల్లేదు. గరిట పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది.

"పెద్దమ్మా." ఈసారి కొంచెం గట్టిగా. కన్సల్టెంటు చెప్పినట్టు, తడబడకుండా.

పలకనని ఒట్టేసుకుంది. నోటితో కాదు, ఒళ్ళంతటితో. పిల్ల అరిచి అరిచి ఊరుకుంటుంది. విసిగి అమ్మా అంటుంది. అంటే పరిగెత్తుకెళ్తుంది. ఆయన లేవబోతే వద్దన్నట్టు చెయ్యి చూపించింది. ఆయన కూర్చున్నాడు.

అన్నం ఉడకడం మొదలుపెట్టింది. మూత కింద నుంచి గంజి పొంగుకొస్తోంది. మూత పక్కకి తీసి, మంట తగ్గించి, కారిన గంజి గుడ్డతో తుడుస్తోంది. లోపల కుళాయి ఆగింది. అప్పుడు వినబడింది. ఈసారి గట్టిగానూ లేదు, నేర్చుకుని అన్నట్టూ లేదు. రోజూ ఉండే గొంతే. చదువుతూ చదువుతూ మంచినీళ్ళడిగే గొంతు.

"పెద్దమ్మా, తువ్వాలు మర్చిపోయాను."

"ఆఁ, తెస్తున్నా" అంది పళ్ళమ్మ.

అనేసి, దండెం మీంచి తువ్వాలు లాగి, నాలుగడుగులు వేసింది. స్నానాలగది తలుపు ముందుకి వచ్చాక గాని కాళ్ళు ఆగలేదు. వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన ముఖం ఎలా ఉందో తిరిగి చూడలేదు.

తలుపు వారగా తెరుచుకుంది. సందులోంచి తడిచెయ్యి బయటికి వచ్చింది. ఎడం చెయ్యి. వేళ్ళు చాచి ఆగింది.

పళ్ళమ్మ తువ్వాలు గుండెకి అదుముకుని అలాగే నిలబడింది. ఇవ్వలేదు. లోపల కట్టేసిన కుళాయి ఉన్నట్టుండి మళ్ళీ పూర్తి ధారగా పారడం మొదలైంది. ఆ హోరులో ఇంకే చప్పుడూ బయటికి వినబడడం లేదు. చెయ్యి మాత్రం వెనక్కి పోలేదు. వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారుస్తూ, అక్కడే ఉంది.